సీరియల్ అయిపోయాక వచ్చే ఆ ఎర్ర ‘ఎస్’ ఎవరిది: స్క్రీన్ జెమ్స్ లోగోల కథ

‘బివిచ్డ్’ అని ఒక పాత అమెరికన్ కామెడీ సీరియల్ ఉంది. అందులో ఏదో ఒక ఎపిసోడ్‌ని పాత 16 ఎంఎం ప్రింటులో చూస్తే, చివర్లో పసుపు తెర మీద స్క్రీన్ జెమ్స్ అనే టీవీ కంపెనీ గుర్తు, ఎర్ర ‘ఎస్’ ఒకటి చుట్టుకుంటూ వస్తుంది. 80ల్లో ఎవరో ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న టేపులో అదే ఎపిసోడ్ దొరికితే, ఆ చోట దివిటీ పట్టుకున్న కొలంబియా సినిమా కంపెనీ బొమ్మ, దాని కింద చిన్నక్షరాల్లో కోకాకోలా కంపెనీ పేరు కనిపించవచ్చు. డీవీడీ పెడితే సోనీ. కథ మారలేదు, నటులు మారలేదు, డైలాగు ఒక్కటి మారలేదు, ఆఖరి నాలుగైదు సెకన్లు మాత్రం ఎప్పటికప్పుడు వేరే.

చూసేవాళ్ళకి ఇది గందరగోళంగా ఉంటుంది. సీరియల్ తీసింది కోకాకోలా వాళ్ళా, సోనీ వాళ్ళా, ఈ స్క్రీన్ జెమ్స్ ఎవరు మధ్యలో? నిజానికి ముగ్గురూ ఒకే వరసలో ఒకరి తర్వాత ఒకరు వచ్చినవాళ్ళే. సీరియల్ చివర లోగోని మనం తీసినవాళ్ళ సంతకం అనుకుంటాం కానీ, అది చాలాసార్లు ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం లాంటిదే. ఇల్లు చేతులు మారినప్పుడల్లా గేటు మీద బోర్డు మారినట్టు, సీరియల్ చేతులు మారినప్పుడల్లా చివరి ముద్ర మారుతుంది. ఇది ఒక్కసారి అర్థమైతే, ఆ నాలుగు సెకన్లు చూసి అమెరికన్ టీవీ వ్యాపారం చరిత్ర సగం చెప్పేయొచ్చు. దానికి స్క్రీన్ జెమ్స్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి ఇంకోటి లేదు.

ముందు ఒక చిన్న సందేహం తీర్చుకోవాలి. మన సినిమాల్లో బ్యానర్ మొదట్లో వస్తుంది కదా. ఏవీఎం వారి ఆ రాగం వినపడగానే హాల్లో జనం సర్దుకుని కూర్చునేవాళ్ళు. మరి అమెరికన్ టీవీలో నిర్మాణ సంస్థ పేరు చివరికి ఎందుకు పోయింది? ఎందుకంటే మొదటి చోటు అప్పటికే అమ్ముడుపోయి ఉండేది. 1950ల్లో అక్కడ టీవీ కార్యక్రమాన్ని నడిపించింది స్పాన్సర్లు. స్క్రీన్ జెమ్స్ తీసిన మొదటి పెద్ద సిరీస్ పేరే ‘ఫోర్డ్ థియేటర్’, అంటే కార్ల కంపెనీ పేరే కార్యక్రమం పేరు. 1964లో ‘బివిచ్డ్’ మొదలైనప్పుడు కూడా స్పాన్సర్లు షెవ్రొలే కార్లు, క్వేకర్ ఓట్స్. టైటిల్ కార్టూన్‌లోనే వాళ్ళ పేర్లు కలిపేసేవాళ్ళు. స్పాన్సర్ ముందు, ఆ తర్వాత నటులు, ఆ తర్వాత కథ. సరుకు తయారుచేసిన స్టూడియోకి మిగిలింది తోక భాగం. జనం లేచి మంచినీళ్ళకి వెళ్ళే సమయం అది. అంత తక్కువ సమయంలో, లేచి వెళ్ళిపోతున్నవాడి చెవిలో కూడా పడేలా ఏదో ఒకటి చెయ్యాలి. ఈ లోగోలు అంత గట్టిగా, అంత విచిత్రంగా ఉండటానికి అదీ ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

ఇక స్క్రీన్ జెమ్స్ ఎలా పుట్టిందంటే, ఆ పేరు టీవీ కంటే పాతది. కొలంబియా పిక్చర్స్‌కి కార్టూన్లు తీసిపెట్టిన స్టూడియో ఒకటి ఆ పేరుతో నడిచింది, చార్లెస్ మింట్జ్ దానికి పెద్ద. 1946లో అది మూతపడింది, పేరు ఖాళీగా మిగిలింది. ఆ మరుసటి ఏడాది రాల్ఫ్ కోన్ అనే ఆయన పయొనీర్ టెలిఫిల్మ్స్ అని చిన్న కంపెనీ పెట్టాడు. ఈయన బయటివాడేం కాదు, కొలంబియా స్థాపకుల్లో ఒకరైన జాక్ కోన్ కొడుకు, కొలంబియాని గుప్పిట్లో పెట్టుకుని నడిపిన హ్యారీ కోన్‌కి అన్న కొడుకు. అప్పట్లో హాలీవుడ్ పెద్ద స్టూడియోలన్నీ టీవీని శత్రువులా చూసేవి. ఇంట్లో ఉచితంగా బొమ్మ కనిపిస్తే హాలుకి ఎవడొస్తాడని వాళ్ళ భయం. రాల్ఫ్ మాత్రం కొలంబియా అందరికంటే ముందు టీవీలోకి దిగాలని 50 పేజీల నోట్ రాసిచ్చాడట. బాబాయికి పూర్తిగా నమ్మకం కుదరకపోయినా కొలంబియా ఆ కంపెనీని కొనేసింది, బీరువాలో ఉన్న పాత పేరు తీసి తగిలించింది. అలా 1940ల చివర్లో స్క్రీన్ జెమ్స్ టీవీ కంపెనీ అయింది. మొదట్లో చేసిన పని వాణిజ్య ప్రకటనలు తీయడం.

అక్కడినుంచి పదేళ్ళలో అది పెద్ద ఫ్యాక్టరీ అయిపోయింది. ‘ఫాదర్ నోస్ బెస్ట్’, ‘రిన్ టిన్ టిన్’, ‘డోనా రీడ్ షో’, ‘డెన్నిస్ ది మెనస్’, ఆ తర్వాత ‘బివిచ్డ్’, ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’, ‘ది మంకీస్’, ‘ది ఫ్లయింగ్ నన్’, ‘ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ’. ఇవి కాక పాత సినిమాలు టీవీ స్టేషన్లకి మూటగట్టి అమ్మే పని ఇంకోటి. 1957లో యూనివర్సల్ వాళ్ళ పాత దయ్యాల సినిమాలు ‘షాక్’ అనే పేరుతో స్టేషన్లకి అమ్మింది కూడా వీళ్ళే, ఆ మరుసటి ఏడాది త్రీ స్టూజెస్ అనే హాస్య బృందం పొట్టి చిత్రాలు టీవీకి తెచ్చిందీ వీళ్ళే. అంటే ఒక అమెరికన్ పిల్లవాడు సాయంత్రం నవ్వుకున్నా, రాత్రి భయపడ్డా చివర్లో కనిపించే పేరు అదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

తొలినాళ్ళ లోగోల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 50ల్లో మాతృసంస్థ కొలంబియా వారి దివిటీ బొమ్మనే వాడుకున్నారు, పక్కన స్క్రీన్ జెమ్స్ అని పేరు. సినిమా కంపెనీ పరువుని టీవీకి అరువు తెచ్చుకోవడం అన్నమాట. 60ల మొదటి సగంలో కాస్త ధైర్యం చేసి, పుల్లల్లాంటి గీతలు అటూ ఇటూ కదిలే ఒక బొమ్మ పెట్టారు. లోగోల పిచ్చి ఉన్నవాళ్ళు దాన్ని ‘డ్యాన్సింగ్ స్టిక్స్’ అంటారు. బాగానే ఉంటుంది, కానీ అది ఎక్కువ కాలం బతకలేదు.

1965లో వచ్చిందే అసలు సంగతి.

పసుపు పచ్చ తెర. రెండు ఎర్ర పట్టీలు కదిలి వచ్చి, మధ్యలో ఉన్న ఒక ఎర్ర చుక్కని చెరో వైపు నుంచి చుట్టి వంగి ‘ఎస్’ ఆకారం కడతాయి. కింద నల్లటి అక్షరాల్లో స్క్రీన్ జెమ్స్ అని వస్తుంది. అంతే. మనిషి బొమ్మ లేదు, దివిటీ లేదు, ‘హాలీవుడ్ నుంచి సమర్పిస్తున్నాం’ అనే గంభీరమైన గొంతు లేదు. ఆ గుర్తుని గీసింది న్యూయార్క్‌లోని ఛెర్మాయెఫ్ అండ్ గైస్మార్ సంస్థ. ఛేజ్ బ్యాంకు ఎనిమిది కోణాల గుర్తు చేసినవాళ్ళు, తర్వాత ఎన్‌బీసీ టీవీ నెట్‌వర్క్ గుర్తైన నెమలిని ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాళ్ళు వీళ్ళే. 60ల్లో అమెరికన్ కంపెనీలన్నీ పాత పూలూ, రాజముద్రలూ, బొమ్మలూ వదిలేసి ఒక్క గీతలో గుర్తుపట్టే ఆకారాలకి మారుతున్నాయి, ఈ ‘ఎస్’ ఆ గాలిలో పుట్టినదే. డిజైన్‌గా చూస్తే నాకైతే ఇది అద్భుతం. మధ్య చుక్కని ఫిలిం రీలు ఇరుసు అనుకుంటే చుట్టూ ఉన్నది ఫిలిం, కన్ను అనుకుంటే చుట్టూ ఉన్నవి రెప్పలు. ఎటు అనుకున్నా టీవీ కంపెనీకి సరిపోతుంది.

బొమ్మ ఒక ఎత్తు, ధ్వని ఇంకో ఎత్తు. దాన్ని కూర్చింది ఎరిక్ సైడే. లండన్‌లో పుట్టి, అక్కడి డ్యాన్స్ బ్యాండ్లలో వయొలిన్ వాయించి, అమెరికా వచ్చాక ఎలక్ట్రానిక్ ధ్వనుల్లోకి దిగినాయన. ఆయన స్పెషలిస్టు పనే ఇది: కొన్ని సెకన్లలో ఒక కంపెనీ గుర్తుండిపోయేలా ధ్వని చెయ్యడం. మ్యాక్స్‌వెల్ హౌస్ కాఫీ ప్రకటనలో కాఫీ మరుగుతున్న చప్పుడుని లయగా మార్చింది ఆయనే. రాబర్ట్ మూగ్ న్యూయార్క్ రాష్ట్రంలో తన సింథసైజర్ని, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే వాయిద్యాన్ని, 1964లో జనానికి చూపించాడు, దాన్ని కొన్న మొట్టమొదటి కొద్దిమందిలో సైడే ఒకడు. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ సంగీతాన్ని మూగ్ మీద వాయించి రికార్డు తెచ్చేదాకా మామూలు జనానికి సింథసైజర్ అంటే ఏమిటో తెలీదు. అంటే 1965 తర్వాత మూడేళ్ళ పాటు, చాలా అమెరికన్ ఇళ్ళలో ఎలక్ట్రానిక్ సంగీతం అనేది వారం వారం వినపడింది ఇలాంటి లోగోల్లోనూ ప్రకటనల్లోనే. అది సంగీతమని వాళ్ళెవరూ అనుకుని ఉండరు కూడా.

ఈ లోగోకి తర్వాత వచ్చిన పేరు ‘ఎస్ ఫ్రమ్ హెల్’, నరకం నుంచి వచ్చిన ఎస్. 60లు, 70ల్లో పెరిగిన ఒక తరం అమెరికన్లు చిన్నప్పుడు దీన్ని చూసి జడుసుకున్నామని చెప్తారు: చెవులు మూసుకున్నవాళ్ళు, సోఫా వెనక దాక్కున్నవాళ్ళు, గదిలోంచి పరుగెత్తినవాళ్ళు. ఇది ఎంత మందికి జరిగిందంటే 2010లో రోడ్నీ ఆషర్ అనే దర్శకుడు అదే పేరుతో ఒక పొట్టి డాక్యుమెంటరీ తీశాడు, సన్‌డాన్స్ చిత్రోత్సవంలో వేశారు. భయపడినవాళ్ళ గొంతులు వినిపిస్తూ, వాళ్ళ జ్ఞాపకాల్ని బొమ్మ కట్టి చూపిస్తాడు.

పిల్లలకి చేతబడుల సినిమాలు చూపిస్తే భయం అంటే అర్థం ఉంది, ఒక అక్షరానికి ఎందుకు భయం? తలచుకుంటే కారణాలు కనిపిస్తాయి. ముప్పై నిమిషాల సేపు ‘బివిచ్డ్’లో ముక్కు కదిపితే మాయలు జరిగే సరదా ఇల్లు, వెనక నవ్వులు, చివర్లో ఆర్కెస్ట్రా వాయించే హాయైన పాట. అది ఇంకా చెవిలో ఉండగానే ఠక్కున ఆగిపోతుంది, ఒక క్షణం నిశ్శబ్దం, వెంటనే ఏ వాయిద్యానికీ చెందని శబ్దం. వయొలిన్ అయితే ఎవరో కమాను లాగుతున్నారని, ట్రంపెట్ అయితే ఎవరో ఊదుతున్నారని పిల్లలకి కూడా తెలియకుండానే తెలుస్తుంది. ఈ శబ్దం వెనక మనిషి లేడు. తెర మీద కూడా మనిషి లేడు. దానికి తోడు, ఆకారం మన వైపే చూస్తున్నట్టు ఆగుతుంది. పైగా ‘అయిపోయింది, ఇక పోయి పడుకో’ అనే క్షణంలో వస్తుంది. భయపెట్టాలని ఎవరూ అనుకోలేదు. కొత్తగా ఉండాలనుకున్నారు. ఆ కొత్తదనం నాలుగేళ్ళ పిల్లల మీద అలా పనిచేసింది.

ఇంకో విషయం జనం మర్చిపోతారు. మొదట్లో ఈ పసుపు, ఎరుపు చాలామంది చూడనే లేదు. 1965-66లో ‘బివిచ్డ్’ రెండో సీజన్, ‘జీనీ’ మొదటి సీజన్ నలుపు తెలుపులోనే వచ్చాయి. ఆ తర్వాత సీరియళ్ళు రంగుల్లోకి మారినా, సగం అమెరికన్ ఇళ్ళకి కలర్ టీవీ చేరేసరికి 70ల మొదట్లో పడ్డాం. కాబట్టి ఎందరికో అది బూడిద రంగు తెర మీద ముదురు బూడిద రంగు ఆకారం. ఆ రూపంలో ఇంకా గుబులుగా ఉండి ఉంటుంది.

మనకి ఇది వింతగా అనిపించక్కర్లేదు. దూరదర్శన్ కన్ను గుర్తు తెచ్చుకోండి: మధ్యలో ఒక గుండ్రటి ఆకారం, దాన్ని చెరో వైపు నుంచి చుట్టిన రెండు వంపులు. ఎన్‌ఐడీ అనే జాతీయ డిజైన్ విద్యాసంస్థ విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య గీసిన ఆ గుర్తుకి, స్క్రీన్ జెమ్స్ ‘ఎస్’కి ఏ సంబంధమూ లేదు, అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. పండిట్ రవిశంకర్ కూర్చిన ఆ షెహనాయి బాణీ వింటూ, చీకటి తెర మీద గిరగిరా తిరుగుతూ వచ్చే ఆ వంపుల్ని చూసి మన ఇళ్ళలో గుబులు పడ్డ పిల్లలు తక్కువేం కాదు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. అయితే ఒక తేడా ఉంది. దూరదర్శన్ గుర్తు ఛానల్‌ది, ప్రభుత్వానిది, యజమాని మారడు కాబట్టి దాని బాధ దానికి లేదు. స్క్రీన్ జెమ్స్ గుర్తుకి ఆ అదృష్టం లేదు.

1968లో కొలంబియా పిక్చర్స్, స్క్రీన్ జెమ్స్ కలిసిపోయి కొలంబియా పిక్చర్స్ ఇండస్ట్రీస్ అయ్యాయి. లోగో వెంటనే పోలేదు, ఇంకో ఆరేళ్ళు నడిచింది. 1974లో టీవీ విభాగం అధిపతి డేవిడ్ గెర్బర్ సూచన మీద పేరు కొలంబియా పిక్చర్స్ టెలివిజన్ అని మార్చారు. స్క్రీన్ జెమ్స్ అంటే ఎవరో జనానికి చెప్పుకోవాలి, కొలంబియా అంటే చెప్పక్కర్లేదు, అదీ లెక్క. 1976 నుంచి కొలంబియా సినిమాల్లో వచ్చే సూర్యకిరణాల గుర్తు టీవీకి కూడా వచ్చింది.

1982లో కోకాకోలా సుమారు 75 కోట్ల డాలర్లకి కొలంబియాని కొన్నది. శీతల పానీయాల కంపెనీకి సినిమా స్టూడియో ఎందుకని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడగొచ్చు. కానీ లోగోలో మాత్రం ఆ సంగతి నమోదైంది: దివిటీ బొమ్మ కింద ‘కోకాకోలా కంపెనీ విభాగం’ అనే అర్థం వచ్చే వాక్యం. కోక్ వాళ్ళు అక్కడితో ఆగకుండా ఎంబసీ లాంటి ఇంకో టీవీ కంపెనీని కూడా కొన్నారు, 80ల చివర్లో రెండూ కలిపి కొలంబియా/ఎంబసీ టెలివిజన్ అని కొంతకాలం నడిపారు. 1989లో సోనీ వచ్చి కొలంబియాని 340 కోట్ల డాలర్లకి తీసుకుంది. 1994లో పేరు కొలంబియా ట్రైస్టార్ టెలివిజన్, 2002లో సోనీ పిక్చర్స్ టెలివిజన్. స్క్రీన్ జెమ్స్ సీరియళ్ళు చాలావరకు ఈ దారి పొడుగునా మూటతో పాటు వెళ్ళాయి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. కంపెనీ పేరు మారితే కొత్తగా తీసే సీరియళ్ళకి కొత్త లోగో వేసుకోవచ్చు, మరి 1966లో తీసిన ఎపిసోడ్ చివర ఎందుకు మార్చాలి?

అమెరికన్ టీవీలో ఒక సీరియల్‌కి రెండు జన్మలు. మొదటిది నెట్‌వర్క్‌లో, అంటే ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్‌లలో వారానికోసారి వచ్చేది. రెండోది సిండికేషన్: అయిపోయిన సీరియల్‌ని దేశమంతా ఉన్న స్థానిక స్టేషన్లకి విడివిడిగా అమ్మడం, వాళ్ళు దాన్ని సాయంత్రాల్లో రోజూ వేసుకోవడం. అసలు డబ్బులు ఈ రెండో జన్మలోనే. 1970లో అక్కడి ప్రసారాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ, నెట్‌వర్క్‌లు ఈ సిండికేషన్ లాభాల్లో వేలు పెట్టకూడదని నిబంధనలు తెచ్చింది. దాంతో సీబీఎస్ తన పంపిణీ విభాగాన్ని విడదీసి వయాకామ్ అని వేరే కంపెనీ చెయ్యాల్సి వచ్చింది. ఆ వయాకామ్ వేసిన నీలి తెర మీద దూసుకొచ్చే పెద్ద ‘వీ’ కూడా పిల్లల్ని భయపెట్టిన లోగోల జాబితాలో పేరున్నదే. అలా ఒక సీరియల్ చివర తీసినవాళ్ళ గుర్తు ఒకటి, అమ్ముతున్నవాళ్ళ గుర్తు ఒకటి, రెండు చోటు చేసుకున్నాయి.

స్థానిక స్టేషన్‌కి సీరియల్ వెళ్ళేది 16 ఎంఎం ఫిలిం రీళ్ళ రూపంలో. ఒక స్టేషన్ వేసుకున్నాక రీలు డబ్బాలో పెట్టి తర్వాతి స్టేషన్‌కి పంపేది. లోగో అనేది ఆ రీలు చివర ఉన్న కొన్ని అడుగుల ఫిలిం ముక్క, అంతే. కత్తిరించి, కొత్త ముక్క అతికిస్తే పని అయిపోతుంది. తర్వాత ఫిలిం నుంచి వీడియో టేపుకి ఎక్కించేటప్పుడు ఇంకా తేలికైంది, ఎడిటింగ్ బల్ల మీద పాతదాని మీద కొత్తది పరిచేస్తారు. లోగోల అభిమానులు దీన్ని ‘ప్లాస్టరింగ్’ అంటారు. ఎందుకు చేస్తారంటే కంపెనీ వైపు నుంచి లెక్క సూటిగా ఉంది: ఈ ఎపిసోడ్ వేసుకోవాలంటే ఎవరికి డబ్బు కట్టాలి, ఎవరి హక్కు ఇది అని కొనేవాడికి తెలియాలి. లేని కంపెనీ పేరు చూపిస్తే ఏం లాభం?

కానీ ఈ పరచడం ఎప్పుడూ శుభ్రంగా జరగలేదు, అక్కడే నాకు ఈ విషయం మీద ప్రేమ పెరిగింది. కొన్ని చోట్ల బొమ్మ మార్చి ధ్వని మార్చడం మర్చిపోయారు, కొత్త లోగో కింద పాత లోగో సంగీతం వినపడుతుంది. కొన్ని చోట్ల పాత లోగో ఒకట్రెండు ఫ్రేములు మిగిలి రెప్పపాటు మెరుస్తుంది. ఇంకొన్ని ఎపిసోడ్లలో ఎవరో చూసుకోక పాతదాన్ని అలాగే వదిలేశారు. స్థానిక స్టేషన్లు మరీ ఘోరం, ఇంకో ప్రకటనకి చోటు చేసుకోవడానికి లోగోని మొత్తం కోసేసేవి. 1994 నుంచి ఎన్‌బీసీ మొదలుపెట్టి నెట్‌వర్క్‌లు ఎండ్ టైటిల్స్‌ని తెరలో ఒక మూలకి నొక్కేసి, మిగతా చోటులో తర్వాతి కార్యక్రమం ప్రచారం వేసుకోవడం అలవాటు చేశాయి. 2002 తర్వాత సోనీ తన కొత్త లోగోని దొరికిన పాత సీరియల్ మీదల్లా పరిచేస్తే, విసుగెత్తిన అభిమానులు దానికి ‘బార్స్ ఆఫ్ బోర్‌డమ్’ అని పేరు పెట్టారు.

దీన్ని పనికిమాలిన పట్టింపు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఒక పాత పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తూ మొదటి ముద్రణ వివరాలు చెరిపేస్తే ఎవరైనా తప్పు అంటారు కదా. ఇక్కడా తప్పే. సైడే చేసిన ఆ ధ్వని, ఛెర్మాయెఫ్ అండ్ గైస్మార్ గీసిన ఆ ఆకారం, వేరే ఎక్కడో మ్యూజియంలో ఉంటే గౌరవంగా చూస్తాం. సీరియల్ చివర ఉంది కాబట్టి చెత్తలా కత్తిరించారు. ఇవాళ మనం వాటిని చూడగలుగుతున్నామంటే పాత ఫిలిం ప్రింట్లు కొని దాచుకున్నవాళ్ళు, టీవీ కార్యక్రమాన్ని చివరి సెకను దాకా రికార్డు చేసుకున్నవాళ్ళే కారణం. కంపెనీ గోదాములు ఆ పని చెయ్యలేదు.

‘ఫ్లింట్‌స్టోన్స్’ సంగతి ఇంకా ముదురు. 1960లో మొదలైన ఆ కార్టూన్ సీరియల్ తీసింది హానా-బార్బెరా, పంపిణీ చేసింది స్క్రీన్ జెమ్స్, కొలంబియాకి ఆ కార్టూన్ కంపెనీలో వాటా కూడా ఉండేది. 60ల రెండో సగంలో టాఫ్ట్ బ్రాడ్‌కాస్టింగ్ హానా-బార్బెరాని కొనేసింది. 1991లో అది టర్నర్ చేతికి, 1996లో టర్నర్‌తో పాటు టైమ్ వార్నర్ చేతికి. ఇప్పుడు చూడండి: వార్నర్ వాళ్ళ ఆస్తి అయిన సీరియల్ చివర పాత లోగో నిజాయితీగా ఉంచాలంటే, ఇవాళ సోనీ చేతిలో ఉన్న పేరు చూపించాలి. అందుకే చాలా ఏళ్ళు ఆ కార్టూన్ టీవీ ప్రింట్లలో పాత ముగింపులు కనపడలేదు. ‘బివిచ్డ్’ది ఒకే కుటుంబంలో పేరు మార్పు, ‘ఫ్లింట్‌స్టోన్స్’ది గోత్రం మార్పు.

మన దేశానికి ఈ కథతో ఉన్న సంబంధం కూడా ఆస్తి కాగితాల ద్వారానే. సోనీ 1989లో కొలంబియాని కొన్నప్పుడు ఈ పాత సీరియళ్ళన్నీ దాని ఖాతాలో పడ్డాయి. 1995లో మన దగ్గర సోనీ ఎంటర్‌టైన్‌మెంట్ టెలివిజన్ మొదలైంది, కొత్త ఛానల్‌కి సరుకు కావాలి, బీరువాలో సరుకు ఉంది. అలా ముప్పై ఏళ్ళ నాటి జీనీ, ‘బివిచ్డ్’ హీరోయిన్ పాత్ర సమంతా హిందీలో మాట్లాడుతూ హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఇళ్ళలోకి వచ్చారు. హిందీ అంతంత మాత్రం వచ్చిన మనకి కూడా సీసాలోంచి పొగ రావడం, ముక్కు కదిపితే వస్తువులు ఎగరడం బాగానే అర్థమయ్యాయి. ఆ సీరియళ్ళు 60ల నాటివని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఇంకో ముచ్చట: ‘జీనీ’ చివర టైటిల్స్‌లో సిడ్నీ షెల్డన్ పేరు వస్తుంది. అవును, కోఠీ, అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద గుట్టలుగా కనిపించే నవలల షెల్డనే. నవలలు రాయకముందు ఆయన ఈ సీరియల్‌ని సృష్టించి, తన కంపెనీ పేరు మీద స్క్రీన్ జెమ్స్‌తో కలిసి తీశాడు. ‘బివిచ్డ్’లో కూడా చివరి రోజుల్లో ఆష్‌మాంట్ ప్రొడక్షన్స్ అని కనిపిస్తుంది, అది హీరోయిన్ ఎలిజబెత్ మాంట్‌గోమరీ, ఆమె భర్త, దర్శకుడు విలియం ఆషర్ కలిసి పెట్టుకున్న కంపెనీ, ఇద్దరి ఇంటిపేర్లూ కలిపితే ఆ పేరు. అంటే లోగో కంటే ముందు వచ్చే ఆ చిన్న వాక్యంలో లాభం ఎవరెవరు పంచుకున్నారో కూడా ఉంటుంది.

స్క్రీన్ జెమ్స్ పేరు చచ్చిపోలేదు. 90ల చివర్లో సోనీ దాన్ని మళ్ళీ బయటికి తీసి, మధ్యస్థ బడ్జెట్ సినిమాల బ్యానర్‌గా పెట్టింది. గుర్తు కూడా పాత ‘ఎస్’ వంశానిదే. ‘రెసిడెంట్ ఈవిల్’, ‘అండర్‌వరల్డ్’, ‘ది ఎక్సార్సిజం ఆఫ్ ఎమిలీ రోజ్’ ఆ బ్యానర్ మీద వచ్చినవే. కామెడీ సీరియళ్ళ చివర కూర్చుని పిల్లల్ని బెదరగొట్టిన గుర్తు, ఇప్పుడు టికెట్ కొనుక్కుని భయపడటానికి వచ్చినవాళ్ళ ముందు మొదట్లోనే వస్తుంది.

ఇకమీద ఏదైనా పాత అమెరికన్ సీరియల్ దొరికితే ఎండ్ టైటిల్స్ రాగానే ఆపేయకుండా ఇలా చూడండి. ముందు కాపీరైట్ వాక్యంలో రోమన్ అంకెలు చదవండి, ఎంసీఎంఎల్‌ఎక్స్‌వీఐ అని ఉంటే 1966. ఆ తర్వాత వచ్చే లోగో కూడా ఆ కాలానిదేనా అని పోల్చండి: 1963, 64 అయితే కదిలే పుల్లలు, 1965 నుంచి 1974 దాకా ఎర్ర ‘ఎస్’, 70ల చివర అయితే సూర్యకిరణాలు, దివిటీ కింద కోక్ పేరు ఉంటే 80లు. ఏడాదికి, లోగోకి పొంతన కుదరకపోతే మీ ముందున్నది తర్వాత ఎవరో అతికించిన ప్రింటు. అప్పుడు సౌండ్ కాస్త పెంచి ఇంకోసారి వినండి, బొమ్మ మార్చినవాళ్ళు ధ్వని మార్చడం మర్చిపోయి ఉంటే సైడే స్వరాలు అక్కడే ఉంటాయి.